చదువుతో పాటే పని: ఉపాధి ఆధారిత విశ్వవిద్యాలయానికి ఆదరణ ఎందుకు?

ప్రత్యేక వ్యాసం – వికారాబాద్, తాండూరు ప్రాంతాల నేపథ్యంలో

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి వికారాబాద్, తాండూరు పట్టణాలలోని అనేక కుటుంబాలలో ఒకే చర్చ సాగుతుంది. ఏ కళాశాలలో సీటు వచ్చినదనే ప్రశ్న వెంటనే మరొక ప్రశ్నకు దారితీస్తుంది. మూడు, నాలుగేళ్ల తరువాత ఆ చదువు ఏ పనికి అక్కరకు వస్తుందన్నదే ఆ రెండవ ప్రశ్న. చదువుకునే కాలంలోనే విద్యార్థిని పరిశ్రమకు, ఆసుపత్రికి, గిడ్డంగికి, బ్యాంకుకు పంపి, పని నేర్పి, ఆ పనికి కూడా మార్కులు ఇచ్చే విశ్వవిద్యాలయాలకు ఇటీవలి సంవత్సరాలలో లభిస్తున్న ఆదరణకు మూలం ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

తెలంగాణ శాసనసభ 2024 ఆగస్టులో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లును ఆమోదించడంతో ఈ విధానం రాష్ట్రంలో విశ్వవిద్యాలయ స్థాయిని అందుకున్నది. అట్టి సంస్థలు ప్రజాదరణ ఎందుకు పొందుతాయి, ఆ ఆదరణ ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు చెదురుతుంది అనే అంశాలను, రాజధానికి పడమర దిక్కున రైలు మార్గం వెంట ఉన్న వికారాబాద్, తాండూరు ప్రాంతాల దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదాల మధ్య తేడా

ముందుగా ఒక మాటకు అర్థం స్పష్టం కావలసి ఉన్నది. మన కళాశాలలలో ‘ప్లేస్‌మెంట్’ అంటే చివరి సంవత్సరంలో కంపెనీలు వచ్చి చేసే ఉద్యోగ ఎంపిక అనే అర్థం స్థిరపడినది. ఇక్కడ చెప్పుకునేది అది కాదు. చదువులో భాగంగా, నిర్ణీత కాలం పాటు, పని జరిగే చోట పొందే శిక్షణ గురించి ఈ వ్యాసం ప్రస్తావిస్తున్నది.

ఇందులోనూ మూడు రకాలు కలవు. మొదటిది పరిశ్రమ సందర్శన. ఇది ఒక పూటతో లేదా ఒక రోజుతో ముగుస్తుంది. రెండవది ఇంటర్న్‌షిప్. ఇది కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు ఉంటుంది. భృతి ఇవ్వడం, ఇవ్వకపోవడం సాధారణంగా ఆయా సంస్థల ఇష్టాన్ని బట్టి ఉంటుంది. మూడవది అప్రెంటిస్‌షిప్. ఇది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం పరిధిలోకి వస్తుంది. లిఖితపూర్వక ఒప్పందం, దాని నమోదు, కనీస భృతి, పని గంటలు, ఆరోగ్య భద్రత, గాయపడితే నష్టపరిహారం వంటి రక్షణలు ఇందులో ఉన్నవి.

మొదట ఐ.టి.ఐ. తరహా వృత్తులకు పరిమితమైన ఈ చట్టాన్ని 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రులకు, డిప్లొమా వారికి, 1986లో ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులు చదివినవారికి వర్తింపజేశారు. 2014 సవరణతో ఇంజనీరింగేతర పట్టభద్రులు కూడా దీని పరిధిలోకి వచ్చారు. అనగా బి.ఏ., బి.కాం. చదివే విద్యార్థికి కూడా ఈ ద్వారం తెరిచే ఉన్నది. ఈ విషయం జిల్లాలలోని అనేక కుటుంబాలకు ఇప్పటికీ తెలియదు.

ఆదరణకు మూడు కారణాలు

మొదటి కారణం బాధ్యతను పంచుకోవడం. సాధారణ డిగ్రీలో కాలం, ఖర్చు, ఫలితం గురించిన సందేహం అంతా విద్యార్థి ఒక్కడే భరిస్తాడు. యజమాని చివరి రోజున వచ్చి, తనకు నచ్చినవారిని ఎంచుకొని వెళతాడు. పనితో కూడిన చదువులో యజమాని మొదటి సంవత్సరం నుండే భాగస్వామి అవుతాడు. తన సూపర్‌వైజరు సమయాన్ని, యంత్రాన్ని, ముడిసరుకును వెచ్చిస్తాడు. అంత వెచ్చించి తీర్చిదిద్దిన యువకుని వదులుకోవడానికి ఏ సంస్థా సులభంగా ఇష్టపడదు. విద్యార్థికి కూడా ఇందులో ఒక రక్షణ కలదు. ఆ పని తన స్వభావానికి సరిపడదని తెలియవలసి వస్తే, పట్టా చేతికి వచ్చిన తరువాత కాక, దారి మార్చుకొనే వ్యవధి ఉన్నప్పుడే తెలుస్తుంది.

రెండవ కారణం భృతి. ఫీజు భారాన్ని తగ్గించడానికి బోధనా రుసుములను ప్రభుత్వం చెల్లించే పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2000వ దశకం చివరి సంవత్సరాల నుండి విస్తృతంగా అమలులోకి వచ్చినది. అయితే రోజు కూలిపై ఆధారపడిన ఇంటిలో చదువుకు అయ్యే అసలు ఖర్చు ఫీజు మాత్రమే కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన కుమారుడో, కుమార్తెయో పనికి వెళ్లకుండా కళాశాలకు వెళ్లడం వలన ఆ ఇంటికి రాకుండా పోయే సంపాదన కూడా ఖర్చే. ఆ లోటును బోధనా రుసుముల పథకం పూడ్చజాలదు. భృతి కొంతవరకు పూడ్చగలదు. 2019లో సవరించిన కేంద్ర నియమాలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలుగా నిర్ణయించినవి. ఈ మొత్తాలను 36 శాతం మేర పెంచాలని 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసినది.

మూడవ కారణం సాక్ష్యం. ప్రకటనలు, ఫ్లెక్సీలు, శాతాల పట్టికలు చూసి గ్రామీణ కుటుంబం నిర్ణయం తీసుకోదు. అదే వీధిలోని ఒక అబ్బాయి, అదే తండాలోని ఒక అమ్మాయి నెలనెలా బ్యాంకు ఖాతాలో భృతి జమ చేసుకొని, సెలవులకు ఇంటికి వచ్చి తాను చేస్తున్న పని గురించి వివరించినప్పుడు కలిగే నమ్మకం వేరు. ఇటువంటి విశ్వవిద్యాలయం పేరు ఒక బ్యాచి నుండి మరొక బ్యాచికి నోటి మాటగా సాగుతుంది. ఒక బ్యాచి విషయంలో మాట తప్పితే అపకీర్తి కూడా అదే దారిన, అంతే వేగంగా సాగుతుంది.

విధానం కొత్తది కాదు

పని జరిగే చోటనే చదువు పూర్తి కావాలన్న భావన మనకు కొత్త కాదు. హౌస్ సర్జన్‌గా ఆసుపత్రిలో సేవ చేయనిదే వైద్య విద్యార్థి పూర్తి స్థాయి వైద్యుడు కాలేడు. బడిలో పాఠం చెప్పి చూపనిదే బి.ఎడ్. పూర్తి కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ కాగోరువారు ఆర్టికల్‌షిప్ చేయవలసినదే. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామాలలో ఉండి, రైతుల పొలాలలో అనుభవం గడించడం పాఠ్యప్రణాళికలోనే భాగం. గౌరవప్రదమైన ఈ వృత్తులకు దశాబ్దాలుగా వర్తిస్తున్న పద్ధతిని మిగిలిన చదువులకు కూడా విస్తరించడమే ఇప్పుడు జరుగుతున్న మార్పు.

ప్రపంచంలో ఈ విధానానికి విశ్వవిద్యాలయ రూపం అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో ఏర్పడినది. హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో దీనిని ఆరంభించారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో ఇదే పద్ధతిపై మొదలై, ఈ విధానానికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చినది. అక్కడ సాధారణంగా నాలుగు నెలల తరగతులు, నాలుగు నెలల కొలువు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తెలుగు విద్యార్థులు కూడా అక్కడి ప్రవేశాల కోసం పోటీ పడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

మన దేశంలో పిలానీలోని బిట్స్ సంస్థ 1973లో ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరుతో ఈ విధానాన్ని ప్రవేశపెట్టినది. రెండవ సంవత్సరం తరువాత సుమారు రెండు నెలలు, చివరి సంవత్సరంలో సుమారు ఐదున్నర నెలలు విద్యార్థులు పరిశ్రమలలో గడుపుతారు. 2008లో ఆరంభమైన హైదరాబాద్ ప్రాంగణంలోనూ ఇదే పద్ధతి అమలులో ఉన్నది. మన పాలిటెక్నిక్ డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉన్న సంగతి విదితమే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి సాధారణ డిగ్రీ కోర్సులలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీలో అప్రెంటిస్‌షిప్‌ను అంతర్భాగం చేసే మార్గదర్శకాలను 2020లో విడుదల చేసి, 2025లో మరింత వివరంగా రూపొందించినది.

రాష్ట్రంలో తీసుకున్న చర్యలు

యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో ఏర్పాటు చేశారు. రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టు 1న దీనికి శంకుస్థాపన జరిగినది. అదే నెలలో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను చైర్‌పర్సన్‌గా ప్రభుత్వం ప్రకటించినది. మూడు, నాలుగేళ్ల డిగ్రీ, ఏడాది డిప్లొమా, మూడు, నాలుగు నెలల సర్టిఫికెట్ కోర్సులు నిర్వహించాలని, తొలుత 2,000 మందితో ప్రారంభించి దశలవారీగా ఏటా 20,000 మందికి శిక్షణ ఇవ్వాలని ఆ సందర్భంలో లక్ష్యాలు నిర్దేశించారు. తొలి విడత కోర్సులలో గిడ్డంగి నిర్వహణ, ఎండోస్కోపీ టెక్నీషియన్ వంటివి ఉన్నవి. యజమానులకు ఏ పనివారు అవసరమో ముందు తెలుసుకొని, తదనుగుణంగా కోర్సు రూపొందించడం ఈ ఎంపికలో కనిపించే విశేషం.

దీనికి సమాంతరంగా 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సహకారంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పథకాన్ని 2024లో చేపట్టారు. సుమారు 2,324 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో కూడిన ఈ పథకం కింద సిద్ధమైన కేంద్రాలను 2025 సెప్టెంబరులో ప్రారంభించారు. పదవ తరగతితో ఐ.టి.ఐ.లో చేరే విద్యార్థికి, ఇంటర్మీడియట్ తరువాత విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థికి ఒకే దిశలో రెండు మెట్లు ఏర్పడటం ఈ రెండు చర్యల ఫలితం.

వికారాబాద్, తాండూరులలో పని ఎక్కడ ఉన్నది?

మీర్‌ఖాన్‌పేట హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్నది. తాండూరు పశ్చిమాన, కర్ణాటక సరిహద్దున ఉన్నది. ఈ రెండింటి మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైమాటే. కావున ఈ ప్రాంత విద్యార్థులకు ప్రయోజనం చేకూరడం అన్నది విశ్వవిద్యాలయ భవనం ఎక్కడ ఉన్నదనే దానికంటే, దాని పని శిక్షణ ఎక్కడ జరుగుతుందనే దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పని శిక్షణకు ఈ ప్రాంతంలో అవకాశాలు తక్కువేమీ కాదు. తాండూరు పరిసరాలు సున్నపురాయికి నిలయం. కరన్‌కోట్‌లో ప్రభుత్వ రంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉన్నది. ఆ సంస్థకు దేశంలో ఇప్పుడు నడుస్తున్న కొద్ది కర్మాగారాలలో ఇది ఒకటి. ప్రైవేటు రంగంలోనూ సిమెంటు కర్మాగారాలు నెలకొన్నవి. యంత్రాల నిర్వహణ, విద్యుత్తు, నాణ్యతా పరీక్షలు, రవాణా లెక్కలు నేర్వడానికి ఇవి సిద్ధంగా ఉన్న తరగతి గదులు.

తాండూరు నాపరాయి నీలం, పసుపు రంగు బండలుగా ఇళ్ల నేలలకు పరచుకొని దూర ప్రాంతాలకు పేరు మోసుకుపోయినది. గనుల నుండి బండ తీయడం, కోత, పాలిషింగ్, లోడింగ్ మీద ఆధారపడిన కుటుంబాలు అనేకం కలవు. తాండూరు కంది పప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. తాండూరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం, పప్పు మిల్లులు, మార్కెట్ యార్డు కలిసి ఆహార శుద్ధి, నాణ్యత, మార్కెటింగ్ కోర్సులకు అనువైన స్థలాలు కాగలవు.

వికారాబాద్ విషయానికి వస్తే, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రంగా ఏర్పడిన ఈ పట్టణంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. వైద్యుల చుట్టూ ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ల అవసరం పెరుగుతుంది. మూసీ నది జన్మస్థానమైన అనంతగిరి కొండలు కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ 2.0 పథకానికి ఎంపికైనవి. ఆతిథ్యం, పర్యాటక సేవలలో శిక్షణకు ఇది తగిన చోటు. ఇక 1874లో ఆరంభమైన సికింద్రాబాద్–వాడి రైలు మార్గంపై వికారాబాద్ జంక్షన్, తాండూరు స్టేషన్లు రెండూ ఉన్నవి. రైల్వే వర్క్‌షాపులు దీర్ఘకాలంగా అప్రెంటిస్‌లకు శిక్షణ ఇస్తున్నవి.

చట్టం పరిధి, చిన్న యూనిట్ల సమస్య

అవకాశాలు ఉండటం వేరు, అవి విద్యార్థి చేతికి అందడం వేరు. 2019 నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది గల సంస్థలు, కాంట్రాక్టు సిబ్బందితో కలిపి మొత్తం సంఖ్యలో 2.5 శాతం నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను విధిగా తీసుకోవలసి ఉన్నది. ఉదాహరణకు 400 మంది పనిచేసే కర్మాగారం కనీసం 10 మందిని తీసుకోవాలి. 60 మంది వరకు తీసుకోవచ్చును. 4 నుండి 29 మంది వరకు ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం.

తాండూరులో సిమెంటు కర్మాగారాలు మొదటి కోవలోకి వస్తాయి. కొద్దిమంది పనివారితో నడిచే పాలిషింగ్ యూనిట్, చిన్న పప్పు మిల్లు, మరమ్మతు షాపు రెండవ కోవలోకి వస్తాయి. అట్టి చిన్న యూనిట్‌కు ఒక విద్యార్థికి ఏడాది పొడవునా భృతి ఇవ్వడం, అన్ని పనులూ నేర్పడం కష్టసాధ్యం. ఇందుకు పరిష్కారం చట్టంలోనే ఉన్నది. పలువురు యజమానులు ఒక జట్టుగా ఏర్పడి, అప్రెంటిస్‌లను ఒక చోటి నుండి మరొక చోటికి పంపుతూ ఉమ్మడిగా శిక్షణ ఇవ్వడానికి అప్రెంటిస్‌ల చట్టం అనుమతిస్తున్నది. ఒక యూనిట్‌లో కోత, మరొక యూనిట్‌లో పాలిషింగ్, ఇంకొక చోట లెక్కలు, సరుకు రవాణా నేర్చుకున్న విద్యార్థి ఏ ఒక్క యూనిట్‌లోనూ లభించని సమగ్ర అనుభవం పొందగలడు. పట్టభద్రులు, డిప్లొమా వారి విషయంలో జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద నిర్ణీత కనీస భృతిలో సగం కేంద్రం భరిస్తున్నందున యజమానులపై భారం కూడా తగ్గుతుంది.

ఆదరణ చెదిరే చోటు

ఈ విధానం విఫలమయ్యే తీరు కూడా అందరికీ తెలిసినదే. మొదటిది కాగితపు శిక్షణ. పనికి వెళ్లకుండానే ధ్రువపత్రం పొందడం, ఫీజు కట్టించుకొని ఇంటర్న్‌షిప్ లెటర్ ఇవ్వడం వంటివి జరిగిన చోట విద్యార్థి మూడేళ్లకు బదులు మూడు సంతకాలు సంపాదిస్తాడు. రెండవది చవక కూలి. నేర్పవలసిన పనికి బదులు ఫైళ్లు మోయించడం, టీ తెప్పించడం, ఉత్పత్తి ఒత్తిడి ఉన్నప్పుడు కార్మికుని స్థానంలో నిలబెట్టడం శిక్షణ అనిపించుకోదు. రాతి దుమ్ము, బరువులు, తిరిగే యంత్రాలు ఉన్న చోట రక్షణ పరికరాలు, బీమా లేకుండా విద్యార్థిని పంపడం ప్రాణంతో చెలగాటం అవుతుంది.

మూడవది ప్రయాణం. తాండూరు నుండి హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్లు, వికారాబాద్ నుండి సుమారు 75 కిలోమీటర్లు. నగరంలో గది అద్దె, భోజనం, ప్రయాణ వ్యయం కలిపితే భృతి అక్కడికక్కడే ఖర్చవుతుంది. ఈ భారం మొదట పడేది అమ్మాయిల మీదనే. వసతి గృహం లేకపోతే, చీకటి పడిన తరువాత చివరి బస్సు పల్లెకు రాకపోతే, సీటు వచ్చిన అమ్మాయి చదువు ఇంటి దగ్గరే ఆగిపోతుంది. జాబితాలో ఆమె పేరు ‘హాజరు కాలేదు’ అనే గడిలో చేరుతుంది తప్ప, కారణం నమోదు కాదు. స్థానికంగా పని శిక్షణ కల్పించడం, అది సాధ్యం కాని చోట వసతి ఏర్పాటు చేయడం ఈ కారణంగా సౌకర్యం మాత్రమే కాదు, పథకం విజయానికి మొదటి షరతు.

నాల్గవది భాష, ఆత్మవిశ్వాసం. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు కలగలిసిన సరిహద్దు ప్రాంతం ఇది. ఇంట్లో రెండు భాషలు మాట్లాడే విద్యార్థి మౌఖిక పరీక్షలో ఇంగ్లీషుకు జంకి వెనుకబడుతున్నాడు. పనిలో ఆరు నెలలు గడిపిన విద్యార్థికి తన పని గురించి చెప్పడానికి మాటలు వాటంతట అవే దొరుకుతాయన్నది ఉపాధ్యాయుల అనుభవం.

పరిశీలకులు గమనించవలసిన అంశాలు

ఒక విశ్వవిద్యాలయం ‘ఉపాధి శాతం’ ప్రకటించినప్పుడు ఆ శాతం ఎవరిలో అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న. చేరినవారిలోనా, పూర్తి చేసినవారిలోనా, ఎంపికకు హాజరైనవారిలోనా అనే దానిని బట్టి ఒకే బ్యాచికి మూడు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. చేరిన ఉద్యోగంలో ఆరు నెలల తరువాత ఎందరు కొనసాగుతున్నారు, భృతి ఏ తేదీన జమ అవుతున్నది, అప్రెంటిస్ ఒప్పందాలు పోర్టల్‌లో నమోదు అయినవా, ఒక్కొక్క సూపర్‌వైజరు కింద ఎందరు విద్యార్థులు ఉన్నారు, మధ్యలో మానివేసిన అమ్మాయిలు ఎందరు, కారణం ఏమిటి అనే వివరాలు లభిస్తే ఆ సంస్థ నిజ స్వరూపం బోధపడుతుంది.

జిల్లా స్థాయిలో పరిశ్రమల కేంద్రం, ఉపాధి కల్పనాధికారి, కార్మిక శాఖ, కళాశాలల ప్రిన్సిపాళ్లు ఒకే జాబితాపై పనిచేయడం అవసరం. 30 మందికి మించి సిబ్బంది గల సంస్థలు ఎన్ని, చట్ట ప్రకారం వాటిలో ఏర్పడే శిక్షణ స్థానాలు ఎన్ని, వాటిలో భర్తీ అయినవి ఎన్ని అనే మూడు గడుల పట్టిక ప్రతి మండలానికి సిద్ధమైతే, విద్యార్థిని ఎక్కడికి పంపాలో తెలియక దూర నగరం వైపు చూసే పరిస్థితి చాలా వరకు తొలగిపోగలదు.

డిగ్రీ అంటే ఉద్యోగం కోసం ఎదురుచూసే అర్హత అనే భావన మన సమాజంలో తరాలుగా ఉన్నది. పనితో కూడిన విశ్వవిద్యాలయం ఆ ఎదురుచూపును తగ్గిస్తానని వాగ్దానం చేస్తున్నది. ప్రజలు దానిని ఆదరించడానికి కారణం ఈ వాగ్దానమే. ఆ ఆదరణ నిలవాలంటే మీర్‌ఖాన్‌పేటలోని తరగతి గదికి, కరన్‌కోట్‌లోని కర్మాగారానికి, వికారాబాద్‌లోని ఆసుపత్రికి మధ్య సంబంధం కాగితంపై కాక విద్యార్థి హాజరు పట్టికలో కనిపించాలి. తాండూరు రాతి పరిశ్రమలో కూలి చేసే తల్లిదండ్రుల బిడ్డ అదే పరిశ్రమలో నాణ్యతాధికారిగా, అదే జిల్లా ఆసుపత్రిలో టెక్నీషియన్‌గా నిలిచిన రోజున ఈ విధానానికి వేరే ప్రచారంతో పని ఉండదు.